చిట్టీ మునిగింది, దేవుడు క్షమించాడు, నాన్న మాత్రం బల్లకు రావడం లేదు

లాలాగూడ పిల్ల | ఆదివారం రాత్రి 9:40

అందరికీ వందనాలు. అడిగేది మా నాన్న గురించి. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యారు. డ్యూటీలో ఉన్న రోజుల నుంచే కాలనీలో చిట్టీలు నడిపేవారు. ఇరవై మంది, నెలకు అయిదు వేలు, లక్ష రూపాయల చిట్టీ. రిజిస్ట్రేషన్ లాంటిదేమీ లేదు, అంతా నోటి మాట మీదే. ఏళ్ల తరబడి ఎవరికీ రూపాయి తేడా రాలేదు. చివరి చిట్టీలో ఇద్దరు మొదట్లోనే పాడుకుని, కట్టడం మానేసి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. నాన్న పీఎఫ్ డబ్బు తీసి చాలామందికి సర్దారు. మూడు కుటుంబాలకు మాత్రం మిగిలిపోయింది. ముగ్గురూ మా చర్చి సంఘంవాళ్లే.

అప్పటి నుంచి ఆయన ప్రభు బల్ల, అదే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం, ముట్టరు. ఆరాధనకు మాత్రం ఒక్క వారం కూడా మానరు. నెల మొదటి ఆదివారం సంస్కారం పాట ఎత్తుకోగానే చివరి బెంచీలోంచి లేచి, చెప్పులేసుకుని, బండ్లు పెట్టేచోటికి వెళ్లి నిలబడతారు. ఆశీర్వాదం వినబడ్డాక గేటు దగ్గర మమ్మల్ని కలుస్తారు. ఎవరైనా అడిగితే షుగర్, కాళ్లు లాగుతున్నాయంటారు.

"క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని రోమా 8:1 నాకు సండే స్కూల్లో కంఠతా పట్టించింది ఆయనే. అదే వచనం ఇప్పుడు నేను చెబితే తలూపుతారు. "నిజమే గానీ, అయోగ్యంగా తింటే అపరాధమని కూడా అక్కడే ఎక్కడో రాసుంది కదమ్మా" అంటారు.

విశ్వాసం ఉన్నవాళ్లకు ఈ దోషభావం ఉండకూడదా? ఉంటే విశ్వాసం లేనట్టా? లేకపోతే నాన్న చేస్తున్నదే కరెక్టా? అమ్మకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

జయధ్వని | ఆదివారం రాత్రి 10:05

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. ఇది అపవాది, అంటే సాతాను పని. ప్రకటన 12:10 చూడండి, రాత్రింబగళ్లు మన సహోదరుల మీద నేరం మోపేవాడు వాడే. నాన్నగారు ఒప్పుకున్నారు కదా, 1 యోహాను 1:9 ప్రకారం ప్రభువు క్షమించేశాడు. తూర్పుకు పడమర ఎంత దూరమో మన పాపాల్ని అంత దూరం చేశాడు. అయిపోయిన దాన్ని ఇంకా పట్టుకుని ఏడవడం అంటే సిలువ సరిపోలేదని చెప్పడమే. కొలొస్సయి 2:14 చదివించండి. మన మీద రుణంగా ఉన్న పత్రాన్నే మేకులతో సిలువకు కొట్టేశాడు. ఆయన స్వతంత్రుడు! ధైర్యంగా ముందుకు రమ్మనండి.

బాకీ మిగిలినోడు | ఆదివారం రాత్రి 10:31

అయిపోయింది ఎవరికి బ్రదర్?

మాదీ సికింద్రాబాదే. మా అమ్మ టైలరింగ్ చేసి కూడబెట్టింది ఇలాగే ఒక విశ్వాసి దగ్గర చిట్టీ వేసింది. మునిగింది. సరే, మునగడం ఎక్కడైనా ఉంటుంది. ఆ తర్వాత ఆయన ఉపవాస కూడికలో మైకు పట్టుకుని "ప్రభువు నా భారం తీసేశాడు, రాత్రి ప్రశాంతంగా నిద్రపోతున్నాను" అని సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు. మా అమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది. ఆమెకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు.

మీరు చెప్పిన పత్రం దేవుడికి రాసిచ్చింది. ఆయన చింపుకుంటాడు, ఆయన ఇష్టం. మా అమ్మకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు ఇంకా మా బీరువాలోనే ఉంది. దాన్ని ఏ సిలువకూ ఎవరూ కొట్టలేదు.

లాలాగూడ అక్కా, మీ నాన్నను తప్పుపట్టడం లేదు. నిజం చెప్పాలంటే, బయటికెళ్లి నిలబడే మనిషిని చూస్తే నాకు కొంచెం గౌరవమే కలిగింది.

వెస్లీ వీధి | సోమవారం ఉదయం 6:50

సిస్టర్, ఆయన్ను బయట నిలబెట్టిన వచనం దగ్గరే మొదలుపెడదాం. 1 కొరింథీ 11. మనం 27వ వచనం పట్టుకుని భయపడతాం గానీ 20 నుంచి చదవం. కొరింథులో గొడవేంటి? సంఘమంతా కూడి భోంచేయాలి. ఉన్నవాళ్లు తెచ్చుకున్నది ముందే తినేసి, తాగి మత్తులో ఉంటున్నారు. లేనివాళ్లు ఆకలితో చూస్తూ ఉండిపోతున్నారు. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని పౌలు కోప్పడింది అందుకు. పక్కవాడి ఆకలి పట్టకుండా తినడమే అక్కడ అయోగ్యత. పాపం చేసినవాళ్లెవరూ రాకూడదని అర్థమైతే రొట్టె విరిచే అయ్యగారితో సహా ఎవరం మిగలం.

28వ వచనం పూర్తిగా చదివి వినిపించండి. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని బండ్ల దగ్గరికి వెళ్లమని లేదు. మొదటి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లెవరు? తెల్లారేలోపు మూడుసార్లు ఎరగనని బొంకబోయే పేతురు. లూకా చెప్పిన ప్రకారం అప్పగించబోయేవాడి చెయ్యి కూడా ఆ బల్ల మీదే ఉంది.

రెండోది. నీతిమంతుడిగా తీర్చడం దేవుడిచ్చే తీర్పు, మన మనసు ఎలా ఉందన్నదాని మీద ఆధారపడదు. రోమా 4:5లో ఆయన నీతిమంతులుగా తీర్చేది భక్తిహీనుల్ని. అది మొదట చదివినప్పుడు నాకు అచ్చుతప్పేమో అనిపించింది. భక్తిమంతుల్నని ఉండాలి కదా! ఉండకూడదు. అదే సువార్త.

మా తాతల నుంచి వెస్లియన్ మిషన్ వాళ్లం కాబట్టి ఇదొకటి చెప్పకుండా ఉండలేను. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూడికకు ఇష్టం లేకుండానే వెళ్లాడు. అక్కడ ఎవరో రోమా పత్రికకు ప్రొటెస్టెంటు సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట చదువుతుంటే, తన పాపాలు, తనవే, తీసివేయబడ్డాయన్న నమ్మకం కలిగిందని రాసుకున్నాడు. ఇంతవరకూ ప్రసంగాల్లో అందరూ చెబుతారు. 1739 జనవరిలో అదే మనిషి తాను క్రైస్తవుణ్ణే కాదని జర్నల్లో రాసుకున్న సంగతి ఎవరూ చెప్పరు. అంత పెద్దాయనకే ఆ అనుభూతి నిలకడగా లేదు. మీ నాన్నకు బరువు దిగినట్టు అనిపించకపోవడం అవిశ్వాసానికి రుజువేమీ కాదు.

బ్రదర్ బాకీ, మీరన్నదానికి సాయంత్రం వస్తాను. అది దాటేసే విషయం కాదు.

అనుమానం | సోమవారం ఉదయం 11:15

నేను దేవుణ్ణి నమ్మను, ముందే చెబుతున్నాను. మా ఆవిడ వెళ్తుంది, నేను నాంపల్లి నుంచి బండి మీద దింపి వస్తాను. నాకు అర్థం కానిదొకటి. ముందు మనిషిని పాపివని భయపెట్టేది మీరే, తర్వాత క్షమాపణ ఇచ్చేదీ మీరే. రోగం అంటించి మందు అమ్మడం కాదా ఇది? ఆ పెద్దాయన చిట్టీలో మోసపోయాడు. తన పీఎఫ్ పోగొట్టుకున్నాడు. ఆయన బాధితుడు. మతం లేకపోతే హాయిగా ఉండేవాడు.

పాత కీర్తన | సోమవారం మధ్యాహ్నం 2:20

అనుమానం గారూ, చర్చి మొహం చూడనివాళ్లు కూడా అప్పిచ్చినవాడు ఎదురొస్తే సందు మారతారు. అది మేము నేర్పింది కాదు నాయనా.

అమ్మా లాలాగూడ పిల్లా, స్త్రీల సమాజంలో నలభై ఏళ్లుగా ఇళ్లకు తిరుగుతున్నదాన్ని, నాకొకటి తోస్తోంది. ఇద్దరు ఎగ్గొట్టి పోతే మీ నాన్నకు బాధ ఉంటుంది, సిగ్గు ఉంటుంది. అంత మాత్రానికి ఇన్నేళ్లు బల్లకు దూరంగా ఉండే మనిషి కాడు. పీఎఫ్ తీసి కట్టినవాడు! నష్టం ఒకటి, పాపం ఒకటి. నష్టానికి పాపమని పేరు పెట్టుకుని ఎన్నిసార్లు ఒప్పుకున్నా మనసు ఖాళీ కాదు, ఎందుకంటే అక్కడ క్షమించడానికి ఏమీ ఉండదు. దాని వెనక ఇంకేదైనా ఉంటే, పేరు పెట్టి ఒప్పుకోనంతవరకూ అదీ పోదు. కీర్తన 32లో దావీదు ఊరుకుని ఉన్నప్పుడే కదా ఎముకలు క్షీణించాయన్నాడు. అమ్మను కాదు, నాన్ననే అడుగు. గుచ్చి అడగకు. టీ ఇచ్చి పక్కన కూర్చో.

విచారణవాసి | సోమవారం సాయంత్రం 5:10

మేము కతోలికులం, గన్‌ఫౌండ్రీ వైపు. మీ చర్చలో తలదూర్చవచ్చో లేదో. మాకు పాపసంకీర్తనం ఉంది. దాని గురించి మీవాళ్లు అనుకునేది వేరు, లోపల జరిగేది వేరు. డబ్బు కట్టి క్షమాపణ కొనుక్కోవడం కాదు. మనిషి తప్పును నోటితో చెబుతాడు, గురువు యేసు పేరిట క్షమాపణ పలుకుతాడు. ప్రాయశ్చిత్తం సాధారణంగా ఆ తర్వాతే చేస్తాం, క్షమాపణ సంపాదించుకోవడానికి కాదు. అయితే ఒకరి సొమ్ము మన దగ్గరుంటే తిరిగి ఇవ్వాలన్నది తప్పదు. ఇవ్వాలన్న ఉద్దేశమే లేనివాడి పశ్చాత్తాపాన్ని గురువు నమ్మడు.

ఇంకోటి. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, మా కతోలిక సభ కలిసి నీతిమంతులుగా తీర్చబడటం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులూ చేరారు. మన పుణ్యం చూసి కాదు, కృప వల్లనే, క్రీస్తు మీది విశ్వాసంతోనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని అందులో ఇద్దరం ఒప్పుకున్నాం. ఇక్కడ ఎవరూ దాన్ని చదివినట్టు లేరు, అందుకని చెప్పాను.

నాకు తోచింది ఒక్కటే. మీ నాన్నగారు దేవుడితో వెయ్యిసార్లు ఒప్పుకుని ఉంటారు. బతికున్న ఒక మనిషి "నీ పాపం క్షమించబడింది" అని ఆయన చెవిలో అనడం ఇంతవరకూ జరగలేదేమో.

జయధ్వని | సోమవారం సాయంత్రం 6:02

సహోదరులారా, మళ్లీ క్రియల దగ్గరికే పోతున్నాం. ఎఫెసీ 2:8, 9. కృపచేతనే, విశ్వాసం ద్వారా. క్రియలవలన కాదు. ముందు బాకీ తీర్చు, తర్వాత సమాధానం అంటే అది ధర్మశాస్త్రం. ఆయన చనిపోయేలోపు తీర్చలేకపోతే? నరకమా?

వెస్లీ వీధి | సోమవారం రాత్రి 8:45

జయధ్వని బ్రదర్, చివరి ప్రశ్న మంచిది. జవాబు: కాదు. పక్కన సిలువ మీదున్న దొంగ ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వలేదు. ఇవ్వడానికి చేతులు ఖాళీగా లేవు. పరదైసు అతనికి ఆ రోజే దొరికింది.

కానీ మీరు 8, 9 చదివి ఆపేశారు. 10వ వచనం, సత్‌క్రియలు చేయడానికే సృష్టించబడ్డాం అని ఉంది. యేసును చూడాలని చెట్టెక్కిన పన్ను వసూలుదారు జక్కయ్య సంగతి తీసుకోండి. యేసు చెట్టు కింద నిలబడి "ముందు లెక్కలు తేల్చుకుని రా" అనలేదు. నేను నేడు నీ ఇంట్లో ఉండాలి అన్నాడు. ఊరంతా సణుగుతుండగానే అన్నాడు. ఆ తర్వాత జక్కయ్య నిలబడి, సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఎవరూ అడగలేదు. ధర్మశాస్త్రం అడిగేది కూడా అంత కాదు. లేవీయకాండం 6లో పొరుగువాడిని మోసం చేసినవాడు అసలు, దాని మీద అయిదో వంతు, అదీ అపరాధ పరిహారార్థబలి అర్పించే రోజునే సొంతదారుడికి ఇవ్వాలి. గమనించండి, బలి ఉంది కాబట్టి బాకీ కొట్టేయలేదు. బాకీ తీర్చాడు కాబట్టి బలి అక్కర్లేదనీ అనలేదు.

బాకీ బ్రదర్ చెప్పిన సాక్ష్యంలో నాకు కనబడే తేడా ఇదే. శిక్ష పోయిందని నిజంగా నమ్మినవాడికి అప్పిచ్చినవాడి ముఖం చూడటానికి భయమెందుకు? పోయేది ఏముంది? పాపం చేసిన ఆదాము చెట్ల మధ్య దాక్కున్నాడు. ఆ పెద్దమనిషి మైకు వెనక దాక్కున్నాడు, అంతే. లాలాగూడ నాన్నగారు బండ్ల వెనక. ఆయన మీద నాకు జాలే గానీ, దాక్కోవడం దాక్కోవడమే.

లాలాగూడ పిల్ల | మంగళవారం ఉదయం 5:30

నిద్ర పట్టలేదు. పాత కీర్తన అమ్మగారు చెప్పినట్టే చేశాను.

నాన్న బీరువా పైనుంచి ఒక నోట్‌బుక్ తీశారు. నల్ల అట్ట, మూలలు అరిగిపోయి ఉంది. మూడు కుటుంబాలకు మూడు పేజీలు. రెండు పేజీల్లో ఎంత రావాలి, ఎంత ఇచ్చాను అని మామూలుగానే ఉంది. మూడో పేజీ ఒక ఆంటీది. అంకుల్ లేరు, ఆమే ఇల్లు నెట్టుకొస్తోంది. ఆమె చిట్టీ లెక్క కింద వేరే ఇంకుతో ఇంకో లైను ఉంది: "ఫంక్షన్ హాల్ అడ్వాన్స్." దాన్నీ బాకీలో కలిపి కూడికేసి పెట్టారు.

ఇదేంటి నాన్నా, మనం హాల్ ఎప్పుడు బుక్ చేశామని అడిగాను. చాలాసేపటికి చెప్పారు. ఆ ఇద్దరూ ఊరు వదిలిపోయారని తెలిసిన మర్నాడే ఆంటీ వచ్చిందట, కూతురి పెళ్లి కుదిరిందని. "వాళ్లు డబ్బు పంపించారక్కా, పై నెల నీ చేతిలో పెడతాను" అని నాన్న అన్నారట. పంపలేదని తెలిసే అన్నారు. పరువు పోతుందని. ఆ మాట మీద ఆమె సీతాఫల్‌మండిలో హాల్ మాట్లాడుకుని అడ్వాన్స్ ఇచ్చింది. డబ్బు అందక హాల్ వదులుకుంది. అడ్వాన్స్ తిరిగి రాలేదు. పెళ్లి ఇంటి ముందు టెంట్ వేసి చేశారు. మేమంతా ఆ పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చాం.

అమ్మకు కూడా ఇప్పటిదాకా తెలియదు. "చిట్టీ సంగతి దేవుడు క్షమించాడని తెలుసమ్మా. ఆ ఒక్క మాట మాత్రం ఆమెతో నేనింకా చెప్పలేదు" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు.

పాత కీర్తన | మంగళవారం ఉదయం 9:10

ఆ హాల్ అడ్వాన్స్ లైను చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయమ్మా. ఎవరూ అడగని లెక్క అది. లేవీయకాండంలో అయిదో వంతు లాంటిదే. పరిశుద్ధాత్మ ఆయన్ను వదల్లేదు.

ఒక్కటి చెప్పు ఆయనకు. 2 కొరింథీ 7:10. దేవుడి చిత్తం ప్రకారం కలిగే దుఃఖం మారుమనస్సు దాకా తీసుకెళ్తుంది, లోకపు దుఃఖం చావుకు తీసుకెళ్తుంది. యేసును అప్పగించిన యూదా, ఎరగనన్న పేతురు ఇద్దరూ ఒకే రాత్రి తప్పు చేశారు, ఇద్దరూ కుమిలిపోయారు. యూదా ముప్పై వెండి నాణేలు గుళ్లో పారేశాడు కూడా, అంటే డబ్బు తిరిగి ఇచ్చేశాడు! చేయనిది ఒక్కటే, యేసు దగ్గరికి రాలేదు. పేతురు వచ్చాడు. బొగ్గుల మంట దగ్గర రొట్టె, చేపలు తిన్నాడు. ఆ తర్వాతే యేసు మూడుసార్లు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. తిండి ముందు, ప్రశ్న తర్వాత.

పేరెందుకు | మంగళవారం మధ్యాహ్నం 1:00

ఇక్కడ అడగవచ్చా? నేను డిగ్రీ చదువుతున్నాను. అమీర్‌పేటలో హాస్టల్. నేను ఎవరి డబ్బూ తినలేదు. కానీ ప్రార్థన చేసేటప్పుడు దేవుణ్ణి దూషించే మాటలు మనసులోకి వాటంతటవే వస్తాయి. వెంటనే క్షమాపణ అడుగుతాను. సరిగ్గా అడగలేదేమోనని మళ్లీ మొదటి నుంచి. ఒక్కోసారి రాత్రి రెండు దాటుతుంది. పరిశుద్ధాత్మ దూషణకు క్షమాపణ లేదని మత్తయి 12లో ఉంది కదా. నేను అది చేసేశానేమో. పాస్టరు గారు లేదమ్మా అంటే ఒక పూట బాగుంటుంది, మళ్లీ మామూలే. రోమా 8:1 నాలాంటివాళ్లకు వర్తిస్తుందా?

నైట్ డ్యూటీ | మంగళవారం మధ్యాహ్నం 3:35

వర్తిస్తుంది చెల్లీ. నేను నర్సుని, మానసిక వైద్య విభాగంలో పనిచేశాను. నువ్వు చెప్పింది వింటే విశ్వాసలోపంలా లేదు, ఓసీడీ అని, అవే ఆలోచనలు, అవే పనులు వదలకుండా వెంటాడే మానసిక రుగ్మత, దానిలో ఒక రకంలా ఉంది. దాన్ని స్క్రుప్యులాసిటీ అంటారు. నేను ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పకూడదు, డాక్టర్ చూడాలి. ఇష్టం లేని ఆలోచన రావడం, భయం, ఆ భయం తగ్గడానికి మళ్లీ మళ్లీ ఒప్పుకోవడం, కాసేపు ఉపశమనం, మళ్లీ భయం. ఎవరైనా "ఏం కాదు" అన్నకొద్దీ ఆ చక్రం ఇంకా తిరుగుతుంది. అందుకే పాస్టరు గారి మాట పూటకే పనిచేస్తోంది. దీనికి మందులున్నాయి, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే థెరపీ ఉంది. చాలామందికి బాగా తగ్గుతుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అనగానే జనం నవ్వుతారని భయపడకు, షుగర్‌కు వెళ్లినట్టే వెళ్లాలి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా.

మత్తయి 12లో యేసు ఆ మాట అన్నది పరిసయ్యులతో. కళ్లముందు మేలు జరుగుతుంటే దాన్ని దయ్యాల అధిపతి పనని కావాలని అన్నవాళ్లు వాళ్లు. వాళ్లెవరూ రాత్రి రెండింటిదాకా క్షమాపణ అడగలేదు.

వెస్లీ వీధి | మంగళవారం సాయంత్రం 4:20

లూథర్ కూడా మఠంలో ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికి రాగానే ఇంకోటి గుర్తొచ్చిందని మళ్లీ వెనక్కి వెళ్లేవాడట. మఠంలో ఆయనకు పైవాడైన స్టౌపిట్జ్‌కు ఓపిక నశించేది. చెల్లీ, 1 యోహాను 3:20, మన హృదయం మన మీద దోషం మోపినప్పుడు దేవుడు మన హృదయం కంటే గొప్పవాడు. నీ మనసు వేసే తీర్పు చివరి కోర్టు కాదు. అక్క చెప్పినట్టు డాక్టర్ దగ్గరికి తప్పకుండా వెళ్లు.

నిర్వాహకులు | మంగళవారం సాయంత్రం 5:00

హెబ్రీ 6 గురించి, రక్షణ పోతుందా పోదా అన్నదాని మీద వచ్చిన పదకొండు పోస్టులు వేరే చర్చకు మార్చాం. అక్కడ కొట్టుకోండి. పేరెందుకు గారికి ప్రైవేట్ మెసేజ్ పంపాం.

విచారణవాసి | మంగళవారం రాత్రి 8:15

లాలాగూడ సిస్టర్, మొత్తం ఎంత ఉంటుంది? అంకె చెప్పనక్కర్లేదు. పింఛన్‌లోంచి నెలనెలా ఇవ్వగలరా? ఇంకోటి, ఫిలేమోను పత్రిక ఒకటే అధ్యాయం, రాత్రికి చదవండి. ఒనేసిము తన యజమాని ఫిలేమోను దగ్గర్నుంచి వెళ్లిపోయినవాడు. పౌలు అతన్ని తన దగ్గర దాచుకోలేదు, తిరిగి అదే గుమ్మానికి పంపాడు. ఉత్తరంలో మాత్రం ఇలా రాశాడు, నీకేమైనా బాకీ ఉంటే అది నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తాను అని. క్షమాపణ, బాకీ, సంఘం మూడూ ఒకేచోట ఉన్న ఉత్తరం అది. మీ సంఘంలో పౌలు పని చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జయధ్వని | మంగళవారం రాత్రి 8:50

ఆంటీ హాల్ అడ్వాన్స్ వరకూ నేను, మా ప్రార్థన గుంపు వేసుకుంటాం. నా పేరు చెప్పొద్దు. నా వాదన మారలేదు, కృపే ముందు. నిర్వాహకుల ద్వారా నంబర్ ఇవ్వండి.

లాలాగూడ పిల్ల | మంగళవారం రాత్రి 10:20

బ్రదర్, చాలా థ్యాంక్స్. నాన్నకు చెబితే ససేమిరా అన్నారు. ఆ లైను తనే కట్టాలట. మిగతా ఇద్దరి విషయంలో కావాలంటే చేబదులుగా తీసుకుంటారట. ఆయనతో పెట్టుకోలేను.

పింఛన్‌లోంచి నెలనెలా ఇవ్వగలం. నాన్నకు ఇంకో సందేహం. మొత్తం తీరాలంటే ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా బల్ల తీసుకోవచ్చా? మత్తయి 5లో అర్పణం బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరుడితో సమాధానపడమని ఉంది కదా అంటున్నారు.

వెస్లీ వీధి | మంగళవారం రాత్రి 10:48

అక్కడ ఉన్నది "వెళ్లి సమాధానపడు" అని. చివరి వాయిదా కట్టాక రమ్మని లేదు. వెళ్లడం ఒక సాయంత్రం పని. ఆమె క్షమించకపోతే? అది ఆమె చేతిలో ఉంది, బలవంతం చేయకూడదు. ఆయన చేతిలో ఉన్నది వెళ్లడం వరకే. రోమా 12:18, శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు. ఆంటీ ఇంటికి వెళ్లొచ్చాక వచ్చే బల్లకు ఆయన్ను అమ్మ పక్కన ముందు బెంచీలో కూర్చోబెట్టండి. అయ్యగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, ఆయన చేతికి తనే ఇస్తారు.

అనుమానం | బుధవారం ఉదయం 8:05

మీ దేవుణ్ణి ఇప్పటికీ నమ్మను. కానీ ఒక లాయరు గుమస్తాగా చెబుతున్నా. ప్రామిసరీ నోట్లు రాసిచ్చి ఉంటే మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లవు. పెద్దాయన నిజంగా ఇవ్వాలనుకుంటే పాత నోటు మీద భరోసా పెట్టించకండి, కొత్త నోటు రాసివ్వమనండి. ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసి నోటు వెనక చెల్లు రాయాలి. ఆంటీ దగ్గర కాగితం బలంగా ఉండాలి. అప్పుడు ఆయన రేపు లేకపోయినా వారసులను అడగొచ్చు. అంటే ఆయన ఆస్తి మీకు వచ్చినంత మేరకు మీరే కట్టాలి పిల్లా, చూసుకో.

బాకీ మిగిలినోడు | బుధవారం ఉదయం 8:40

లాలాగూడ అక్కా, అవతలి గుమ్మం వైపున్నవాడిగా కొన్ని చెబుతాను, నాన్నగారికి చదివి వినిపించండి.

పాస్టరు గారిని వెంట తీసుకెళ్లొద్దు. ఆయన ఉంటే ఆంటీ క్షమించానని అనక తప్పదు. సాయంత్రం ఏడు దాటాక వెళ్లండి, కూతురు, అల్లుడు లేని రోజు చూసుకుని. వాక్యంతో మొదలుపెట్టొద్దు. ప్రార్థన చేసుకుందామని అసలే అనొద్దు. "ఆ రోజు నేను అబద్ధం చెప్పానక్కా, డబ్బు రాలేదని నాకు తెలుసు" అని మొదటి మాటే అది అనాలి. షుగర్, పీఎఫ్, ఊరు వదిలిపోయిన ఇద్దరి సంగతి తర్వాత, ఆమె అడిగితేనే. మొదటి నెల డబ్బు కవర్లో పెట్టుకుని వెళ్లండి, ఎంతైనా సరే. ఆమె తిడితే తిట్టనివ్వండి. తలుపేసుకుంటే కవరు గుమ్మంలో పెట్టి రావద్దు, మళ్లీ పై నెల వెళ్లండి. టీ ఇస్తే మాత్రం షుగరని వద్దనకుండా తాగమనండి.